నాలుగో నమూనా

గిన్నెలన్నీ కడగడం అయ్యాక ఆ ఒక్క గ్లాసూ చివర్న కడగాలి. ముందు కడిగితే స్పాంజికి అంటుకుని ఇంట్లో అందరికీ పాకుతుందిట. చూడ్డానికి మిగతా గ్లాసుల్లాంటిదే. అడుగున మాత్రం గోళ్లరంగుతో పెట్టిన ఎర్ర చుక్క ఒకటి ఉంటుంది. చుక్క పెట్టింది అత్తగారు. రంగు కోడలిదే. పెళ్లైన కొత్తలో కొనుక్కుని, రెండుసార్లు వేసుకుని, ఆ తర్వాత తీరిక చిక్కక అలమారలో పడేసిన సీసా. ఇన్నాళ్లకి ఈ రకంగా పనికొచ్చింది.

రెండు నెలల కిందట ఆమె పెదవి మూల నీటిపొక్కులు లేచాయి. ఆ వారమంతా ఆమెకి సరిగ్గా నిద్ర లేదు. నాలుగేళ్ల కూతురికి జ్వరం, ల్యాబ్‌లో మొరాయించిన యంత్రం, పిల్లలతో దిగిన ఆడపడుచు. ఒంట్లో ఓపిక తగ్గినప్పుడల్లా బయటికొచ్చే పొక్కులవి. వాటి సంగతి ఆ ఇంట్లో ఆమెకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. ఆమాటకొస్తే ఆ ఊళ్లోనే ఎవరికీ తెలీదు. పదకొండేళ్లుగా ఆమె చేస్తున్న ఉద్యోగం ఆ వైరస్ మీదే.

"మా ఇంటా వంటా లేవమ్మా ఇలాంటివి," అంది అత్తగారు, మొహం చూడకుండా.

"ప్రపంచంలో ముగ్గురిలో ఇద్దరికి ఉంటుంది అత్తయ్యా ఇది. చిన్నప్పుడే వస్తుంది, చాలామందికి బయటపడదు."

"ఆ మూడోవాళ్లం మేము అనుకో."

భర్త పేపరు పక్కకి తప్పించి, "గ్లాసే కదా, అమ్మ చెప్పినట్టు వేరే పెట్టుకుంటే నీ సొమ్మేం పోయింది," అన్నాడు. ఆయన ఏ గొడవనైనా అలా ఒక్క వాక్యంతో మూసేసి పేపరు తెరుచుకోగలడు. పొక్కులు పచ్చిగా ఉన్న పదిరోజులూ కూతుర్ని ఆమె తనంతట తనే ముద్దు పెట్టుకోలేదు, ఎవరూ చెప్పనక్కర్లేకుండానే. ఆ పిల్ల మాత్రం ఊరుకోలేదు. తన అరచేతిలో తనే ముద్దు పెట్టుకుని, ఆ చెయ్యి తెచ్చి అమ్మ చెంపకి అద్దేది. "పార్సిల్," అనేది. ఆ పార్సిళ్లతోనే ఆమె ఆ పదిరోజులూ గడిపింది.

పొక్కులు మానాయి. గ్లాసు మాత్రం అలాగే ఉండిపోయింది.

ల్యాబ్‌లో ఆమెని అందరూ చెట్లావిడ అంటారు. ఆమె గీసే చెట్లకి ఆకులుండవు. కొమ్మలే. ఒక్కో కొమ్మ చివర ఒక్కో వైరస్ పేరు. మనుషుల నుంచి, చింపాంజీల నుంచి, రకరకాల కోతుల నుంచి దూది పుల్లతో తీసిన నమూనాలు వస్తాయి. వాటిలోని వైరస్ జన్యుక్రమాన్ని అక్షరం అక్షరం చదివి, ఏది దేనికి దగ్గరో, ఏది ఎప్పుడు విడిపోయిందో లెక్కకట్టి చెట్టు గీయాలి. పొద్దున్నే ల్యాబ్ తలుపు తెరిచేదీ ఆమే, పోస్టులో వచ్చినవి విప్పి సర్దేదీ ఆమే, మీటింగుకి కప్పులు లెక్కపెట్టేదీ ఆమే. వీటిలో చెట్లు తప్ప ఏదీ ఆమె ఉద్యోగం కాదు. వ్యాసాలు అచ్చయ్యేటప్పుడు మాత్రం ఆ చెట్ల కింద ప్రొఫెసరుగారి పేరుంటుంది, చివరి పేజీలో కృతజ్ఞతల దగ్గర ఆమె పేరుంటుంది, యంత్రం బాగుచేసినతని పేరు పక్కన.

అయినా ఆ పనంటే ఆమెకి ప్రాణం. మనిషీ చింపాంజీ ఒక్క తల్లి కడుపున ఉన్న కాలంలో ఆ తల్లి పెదవి మీద ఒక వైరస్ ఉండేది. పిల్లలు రెండు దారులు పట్టినప్పుడు అదీ రెండు దారులు పట్టింది. అరవై లక్షల ఏళ్లుగా ఒకటి చింపాంజీలతో, ఒకటి మనతో నడిచివస్తోంది. తల్లి నోటి నుంచి బిడ్డ నోటికి, ముద్దులోంచి ముద్దులోకి. మనిషిలో దానికో చెల్లెలు కూడా ఉంది. ఆ చెల్లెలు మనతో పుట్టింది కాదు. ఎన్నో లక్షల ఏళ్ల కిందట చింపాంజీల పూర్వీకుల వైపు నుంచి ఎలాగో దాటి మన వంశంలోకి వచ్చింది. ఆ రెండోదాన్ని ఆమె మనసులో కోడలు అని పిలుచుకునేది. అన్ని లక్షల ఏళ్లు మనతోనే ఉన్నా, పుస్తకాల్లో దాన్ని ఇంకా బయటినుంచి వచ్చిందనే రాస్తారు.

సాయంత్రం ఇంటికి రాగానే భర్త అడిగేవాడు, "ఏంటి, మీ చుట్టాలంతా కులాసానా?" పదకొండేళ్లుగా అదే జోకు. మొదటి ఏడాది ఆమె కూడా నవ్వింది.

ఆ నెల ల్యాబ్‌కి వచ్చిన నమూనాలు ఊరి చివర జంతువుల శరణాలయం నుంచి. అక్కడ తల్లి లేని చింపాంజీ పిల్ల ఒకటి ఉంది. అందరూ చిట్టి అంటారు. చిట్టి నోటి చుట్టూ పొక్కులు లేచాయి, జ్వరం వచ్చింది. అది వాళ్ల జాతి వైరస్సే అయితే ప్రొఫెసరుగారికి మంచి వ్యాసం అయ్యేది. ఆమె చదివి చూస్తే చింపాంజీల కొమ్మ మీద లేదు. పూర్తిగా మనిషి వైరస్. అంటే ఎవరో మనిషి అంటించాడు.

ఎవరన్నది తేల్చడానికి శరణాలయం ఒక కమిటీ వేసింది. చిట్టిని ముట్టుకునేవాళ్లు ముగ్గురు. పాలు పట్టే ఆయా, పశువైద్యుడు, గది కడిగే మనిషి. ముగ్గురి నోళ్లలోంచీ వరసగా పదిరోజులు నమూనాలు తీయించారు. పోలిక కోసం, అసలు జంతువుల దగ్గరికే వెళ్లని మనిషిది ఒకటి కావాలంటే, శరణాలయం డైరెక్టరుగారు నవ్వుతూ తన నోరే తెరిచారు. "నాదీ తీసుకోండి. పైవాళ్లు చేస్తే కిందివాళ్లు పేచీ పెట్టరు." అది నాలుగో నమూనా. కాగితాల మీద పేర్లుండవు, అంకెలే.

ఫలితం రాకముందే ఆయాని చిట్టి గదిలోకి రానివ్వడం మానేశారు. చిట్టికి జ్వరం వచ్చిన వారం ఆయా పెదవి మీద కూడా పొక్కు ఉండటమే సాక్ష్యం.

ఆఖరి నమూనా తీయడానికి చెట్లావిడ స్వయంగా వెళ్లింది. ఆయా సామాన్ల గదిలో బల్ల ముందు నిలబడి జంతువులకి పళ్లు తరుగుతోంది. యాభై దాటిన మనిషి. గోడ అవతల నుంచి సన్నటి మూలుగు, ఆగి ఆగి వినిపిస్తోంది.

"ఇంకెన్నిసార్లు తిప్పుతారమ్మా ఆ దూది పుల్ల? నా నోట్లో ఏముందని?"

"ఇదే ఆఖరు ఆయమ్మా."

"నిజం చెప్పండి. దానికి నావల్లే వచ్చిందా?"

"ఇంకా తేలలేదు."

"తేలిపోయినట్టే మాట్లాడుతున్నారు అందరూ. చదువూ సంధ్యా లేనివాళ్లని లోపలికి రానిస్తే ఇంతేనని డైరెక్టరు పెద్దాయన నలుగురిలో అన్నాడు." ఆయా కత్తి పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. "నోటికి గుడ్డ కట్టుకోమన్నారు, కట్టుకున్నా. అది లాగి పడేసేది, గదిలోంచి బయటికొచ్చి మళ్లీ కొత్తది కట్టుకునేదాన్ని. పొక్కు లేచిన రోజు నేనే చెప్పా, నాలుగు రోజులు రానని. చెప్పడమే తప్పయింది. మొహం కనపడకపోతే నన్ను గుర్తుపట్టదేమోనని మొదట్లో దిగులు పడేదాన్ని. కళ్లు చూసే పట్టేసేది దొంగపిల్ల."

గోడ అవతల మూలుగు ఆగింది. ఇద్దరూ అటు చూశారు.

"మూడు రోజుల్నుంచి సగం సీసా కూడా తాగడంలేదుట," అంది ఆయా. "పొక్కులు తగ్గాయి కదా, నోరు నొప్పి కాదు. అలక. ఎవరో ఒకరు కూచుని కాసేపు బతిమాలాలి. వాళ్లకంత తీరిక ఎక్కడిది?" తరిగిన పళ్లలోంచి ఒక మెత్తటి ముక్క తీసి ఆమె చేతిలో పెట్టింది. "తినండి. ఎండనపడి వచ్చారు. చేతులు కడుక్కునే ముట్టుకున్నాలెండి."

చెట్లావిడ ఆ పండు ముక్క అక్కడే నిలబడి మొత్తం తింది, ఆయా చూస్తుండగా.

చెట్టు గీసింది. ఆయా వైరస్ ఎక్కడో దూరపు కొమ్మ మీద ఉంది. గది కడిగే మనిషిది ఇంకో పక్క. పశువైద్యుడి నోట్లో అసలు దొరకలేదు. చిట్టి వైరస్ ఒక కొమ్మ చివర ఉంది, దాన్ని ఆనుకుని, కవలపిల్లలా, నాలుగు అని అంకె.

ఆమె కుర్చీ వెనక్కి జరిపింది. పోలిక కోసం బయట కూచోబెట్టిన మనిషి వచ్చి ఇంటి నడిమధ్యలో కూచున్నాడు. పొరపాటు తనదే అనుకుంది, అలవాటు కొద్దీ. పక్క గది అమ్మాయిని పిలిచి నమూనాల గొట్టాల మీద అంకెలు మార్చి అంటించమంది, ఏది ఎవరిదో తనకి తెలియకుండా చీటీల్లో రాసి దాచమంది. మొదట్నుంచి మళ్లీ చేసింది. వారం పట్టింది. చీటీలు విప్పి చూస్తే మళ్లీ నాలుగే.

ఆ రోజు పోస్టులో శరణాలయం వాళ్ల నెలవారీ పత్రిక వచ్చింది. అలాంటివి విప్పి అరలో పెట్టేది ఆమే కాబట్టి ఆమే చూసింది. అట్ట మీద సందర్శకుల రోజు ఫోటో. డైరెక్టరుగారు ఇస్త్రీ చొక్కాలో, చిట్టిని ఎత్తుకుని, దాని మూతి మీద ముద్దు పెడుతున్నారు. నోటికి గుడ్డ లేదు. కింద తారీఖు. చిట్టికి పొక్కులు లేవడానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు. ఆయన నోటి మీద పొక్కేమీ కనిపించదు. కనిపించనక్కర్లేదు, ఏమీ లేనప్పుడు కూడా అది ఉమ్మిలో వస్తూ పోతూ ఉంటుంది. ఆయనకీ తెలిసి ఉండదు. ఫోటోలో చిట్టి మాత్రం మొహం పక్కకి తిప్పుకుని, చెయ్యి చాచి ఎవరికోసమో చూస్తోంది. అంచున కొంచెం ఆయా భుజం పడింది. మిగతా ఆయాని కత్తిరించేశారు.

ప్రొఫెసరుగారు చెడ్డమనిషి కాదు. ఆమెని కూచోమన్నారు, కళ్లద్దాలు తుడుచుకుని చెట్టు చాలాసేపు చూశారు.

"చూడమ్మా. నాలుగోది పోలిక కోసం పెట్టింది. పోలిక కోసం పెట్టింది మధ్యలోకి వస్తే ఏమంటాం? ఎక్కడో కలిసిపోయింది అంటాం."

"రెండుసార్లు మొదట్నుంచి చేశానండీ. రెండోసారి ఏది ఎవరిదో నాకే తెలీదు."

"నువ్వు జాగ్రత్తగానే చేసుంటావు, కాదనను. కానీ ఆ వరస తీసేస్తే చెట్టుకి వచ్చే నష్టమేం లేదు కదా? మూలం తెలియలేదు అని రాద్దాం. ఆయా మీద కూడా నింద వెయ్యడంలేదు మనం."

"మూలం తెలియలేదంటే ఆయాని మళ్లీ లోపలికి రానిస్తారాండీ?"

ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నారు. "అది వాళ్ల పరిపాలన. మన పని కాదు." కాసేపాగి, గొంతు తగ్గించి అన్నారు, "డైరెక్టరుగారికి కోపం వస్తే చింపాంజీ నమూనాలు మనకిక రావు. నీ చెట్లన్నీ వాటితోనే కదా. నీ ఉద్యోగం పొడిగింపు కాగితం కూడా నా బల్ల మీదే ఉంది. మర్చిపోలేదు. కమిటీకి నువ్వే పంపాలి, నివేదిక నీ పేరు మీదే అడిగారు. సోమవారం దాకా టైముంది."

పదకొండేళ్లలో మొదటిసారి ఒక చెట్టు కింద ఆమె పేరు ఒక్కటే ఉండబోతోంది, అదీ ఒక కొమ్మ నరికేస్తే.

ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. ఆయన సాంతం విన్నాడు, అది మెచ్చుకోవాలి. విని, "నీకెందుకొచ్చిన గొడవ? ఆయా నీకు చుట్టమా?" అన్నాడు.

"చింపాంజీలే చుట్టాలైనప్పుడు ఆయా కాదా?"

ఆయన పడీపడీ నవ్వాడు. భార్య ఇన్నాళ్లకి జోకేసిందని సంతోషించి కూతుర్ని పిలిచి మరీ చెప్పాడు.

ఆదివారం పొద్దున్న అత్తగారు గదిలోంచి ఆలస్యంగా వచ్చింది. నాలుగు రోజులుగా జలుబు, ఒళ్లునొప్పులు. కొంగుతో మూతి కప్పుకుని ఉంది. టీ తాగడానికి కొంగు తియ్యక తప్పలేదు. కింది పెదవి మీద గుత్తిగా నీటిపొక్కులు.

భర్త చూశాడు. "వేడి చేసినట్టుందే అమ్మా. నీళ్లు సరిగ్గా తాగుతున్నావా?" అన్నాడు. ఆవిడ సగం తాగి వదిలేసిన టీ, ఎప్పటిలాగే, తన కప్పులో వంపుకుని తాగేశాడు. తాగి పేపరు తెరిచాడు.

ఆమె గట్టుకి ఆనుకుని నిలబడిపోయింది. తనకి లేస్తే రోగం, ఆవిడకి లేస్తే వేడి. రెండు నెలలు తను చుక్క గ్లాసులో తాగిన నీళ్లన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆడపడుచు పిల్లలు ఆ గ్లాసు ముట్టుకోబోతే ఆవిడ "ఆఁ, అది అత్తది, ముట్టుకోకండి" అన్న గొంతు. తన వేలు పట్టుకుని "అమ్మా, నీ గ్లాసుకి బొట్టెందుకు?" అని కూతురడిగిన రోజు. ఇప్పుడు ఒక్క మాట చాలు. ఇంటా వంటా లేనిది ఎక్కణ్నించి వచ్చింది అత్తయ్యా అని అడిగితే చాలు. ఈ వయసులో కొత్తగా వచ్చిందయ్యుండదని, ఎన్నో ఏళ్లుగా లోపల పడుకుని ఉంటుందని, ఆవిడ తన కొడుకుని ఒళ్లో వేసుకుని పెట్టిన ముద్దుల్లో అతనికీ వెళ్లుండొచ్చని, అక్కణ్నించి తనకి రావడానికి ఎంతో దూరం లేదని గీసి చూపించగలదు. చెట్లు గీయడం తన పనే కదా. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆవిడ కొంగు మళ్లీ మూతికి అడ్డం పెట్టుకుంటూ, దగ్గరికి పరిగెత్తుకొచ్చిన మనవరాల్ని చేత్తో ఆపేసి, "ఇవాళ వద్దు బంగారం, దూరంగా ఉండు," అంది. ఆ గొంతు విన్నాక ఆ మాట దానంతటదే వెనక్కి వెళ్లిపోయింది.

కూతురు ఒక్క క్షణం ఆలోచించింది. అరచేతిలో ముద్దు పెట్టుకుని నాయనమ్మ చెంపకి అద్దింది. "పార్సిల్."

భర్త పిల్లని తీసుకుని బజారుకి వెళ్లాడు. ఆమె వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి నివేదిక ముందు పెట్టుకుంది. నాలుగో వరస మీద కర్సరు కొట్టుకుంటోంది. అలమార తెరుచుకున్న చప్పుడైతే తల తిప్పింది. అత్తగారు గోళ్లరంగు సీసా మూత తిప్పలేక తిప్పలేక తిప్పుతోంది. ముందు బోర్లించిన గ్లాసు, ఆవిడది.

"ఏం చేస్తున్నారత్తయ్యా?"

"చుక్క పెట్టుకుంటున్నా. నీకు పెట్టినదాన్ని నాకు పెట్టుకోవద్దూ?" మూత రాలేదు. ఆ గ్లాసుకి పెట్టాక మిగిలిన కాస్త రంగూ ఈ రెండు నెలల్లో గట్టిపడిపోయింది. సీసా కింద పెట్టి కూచుంది. "ఇది నాకు కొత్త కాదమ్మాయ్. నీకంటే చిన్నప్పుడే లేచేవి. మా అత్తగారు చుక్క పెట్టేపాటి మర్యాద కూడా చెయ్యలేదు. పిడి విరిగిన కప్పు ఒకటి పడేసింది. ముప్ఫై ఏళ్లు అందులోనే తాగా. ఆవిడ పోయాక దాన్ని నేనే పెరట్లోకి తీసుకెళ్లి రాయేసి కొట్టా."

"మరి నాకెందుకు..." అంటూ ఆగింది ఆమె.

"నీకు లేచినరోజు భయమేసింది. నాదేమోనని. అందరికీ తెలిసిపోతుందేమోనని. నీ గ్లాసు వేరే పెడితే అది నీదే అవుతుంది కదా."

కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. ఆమె లేచి కట్టేసింది. అలమారలోంచి మందు గొట్టం తీసి ఆవిడ చేతిలో పెట్టింది. "మొదటి రెండు రోజుల్లో రాస్తే తొందరగా తగ్గుతుంది. రాశాక చేతులు కడుక్కోండి."

ఆవిడ రాసుకుంది, కడుక్కుంది. చేతులు తుడుచుకుంటూ తెర మీదికి వంగింది. "ఆదివారం కూడా ఆఫీసు పనేనా? ఏంటీ గీతలు?"

ఆమె చెప్పింది. చిట్టి గురించి, ఆయా గురించి, ముద్దు గురించి, నాలుగో వరస గురించి, ప్రొఫెసరుగారి బల్ల మీదున్న కాగితం గురించి. ఇంట్లో తన పని గురించి అంతసేపు మాట్లాడటం ఆమెకి అదే మొదటిసారి. అత్తగారు ఒక్కసారి కూడా మధ్యలో అడ్డు రాలేదు. అంతా విన్నాక ఒక్కటే అడిగింది.

"ఇప్పుడు తాగుతోందా ఆ పిల్ల పాలు?"

"ఇంకా సగం సీసా కూడా తాగడంలేదుట."

"ఉద్యోగం పోతుందా నీకు?"

"పోవచ్చు."

ఆవిడ గోళ్లరంగు సీసా తీసుకెళ్లి చెత్తబుట్టలో వేసొచ్చింది. వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కుని కూచుంది, కూరలు తరిగే పళ్లెం ముందు పెట్టుకుని. "నువ్వు రాసుకో. ఇవాళ వంట నేను చూస్తా."

ఆమె నాలుగో వరస అలాగే ఉంచింది. ఫోటో తారీఖు జత చేసింది. ఆయాకి సంబంధం లేదని, ఇంత స్పష్టంగా తెలిసినప్పుడు తెలియలేదని రాయడం కుదరదని, ఆమెని వెంటనే చిట్టి దగ్గరికి పంపడం మంచిదని, పొక్కులున్న రోజుల్లో ఎవరైనా, ఎంత పెద్దవాళ్లైనా, దూరంగా ఉండాలని, మామూలు రోజుల్లో కూడా నోటికి గుడ్డ లేకుండా ఎత్తుకోకూడదని రాసింది. కింద తన పేరు రాసింది. కమిటీ అంతటికీ, ప్రొఫెసరుగారికీ ఒకేసారి పంపింది. సోమవారం దాకా ఆగలేదు. అప్పటికి ఇంకో నాలుగు సీసాల పాలు వెనక్కి వెళ్తాయి.

గొంతు ఎండిపోయింది. లేచి, బోర్లించిన గ్లాసుల్లోంచి చేతికందింది తీసుకుని నీళ్లు పట్టుకుని తాగింది. అడుగున చుక్క ఉందో లేదో చూసుకోలేదు.